వచ్చిన పాఠం ఒక్కటే

పన్నెండో తరగతి కెమిస్ట్రీ పుస్తకంలో పదహారు పాఠాలుంటే డాక్టరమ్మకు వచ్చింది ఒక్కటి. అది చిట్టచివరిది, నిత్యజీవితంలో రసాయనశాస్త్రం. అందులో లెక్కలు లేవు, సమీకరణాలు లేవు, బాణం గుర్తుకు అటూ ఇటూ తూకం సరిచూసే బాధ లేదు. ఏ మందు దేనికి, ఏ నీళ్లలో సబ్బుకు నురగ ఎందుకు రాదు, పచ్చళ్లు పాడవకుండా సీసాలో ఏం కలుపుతారు, అంతే. మిగతా పదిహేను పాఠాలకూ ఆమెకూ ముఖపరిచయం కూడా లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టే ఆమెకు డాక్టరమ్మ అనే పేరు నిలిచింది.

పేరు పెట్టింది నాన్న. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఇరవై ఏళ్లుగా రాసి రాసి, లోకంలో ప్రతిదానికీ ఒకే ఒక్క సరైన జవాబుంటుందనీ, అది ఎక్కడో అచ్చయి ఉంటుందనీ ఆయనకు గట్టి నమ్మకం. ఒక సాయంత్రం తలనొప్పి మాత్ర వేసుకోబోతుంటే కూతురు మాత్రల షీటు లాక్కుని, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలు చదివి, "ఇది అనాల్జెసిక్ నాన్నా. నార్కోటిక్ కాదు, అలవాటు పడతానని భయపడకు" అంది. ఆయన మాత్ర మింగడం మరిచిపోయి కూతురి మొహం చూస్తూ కూర్చున్నాడు. ఆ మాట వినగానే తలనొప్పి పోయిందని మర్నాడు డిపోలో కనబడిన డ్రైవరుకల్లా చెప్పుకున్నాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఏడింటికి ఇంట్లో దర్బారు. భోజనాల బల్ల ఖాళీ చేసి, నాన్న ఒక పక్క, ఆయన తండ్రి తాతయ్య ఒక పక్క, మధ్యలో డాక్టరమ్మ. ఇరుగుపొరుగు తలా ఒక షీటో, సీసానో పట్టుకొచ్చేవారు. "ఇది యాంటాసిడ్, కడుపులో ఆమ్లాన్ని చంపుతుంది. ఇది యాంటీహిస్టమిన్, తుమ్ములకి. ఇది యాంటీసెప్టిక్, గాయం మీద రాయొచ్చు. అది డిసిన్ఫెక్టెంట్, నేలకి మాత్రమే, ఒంటిమీద పోసుకుంటే నీ ఖర్మ." చదువుకున్నది పదోసారి అప్పజెప్పడమే ఇదంతా. అయినా పరీక్షలకు ముందు ఇంతకంటే మంచి రివిజన్ ఏముంటుందని నాన్న అందరినీ సవాలు చేసేవాడు.

వీధి చివర దర్జీ ఒకసారి పాపం అమాయకంగా జేబులోంచి చిన్న షీటు తీసిచ్చాడు. డాక్టరమ్మ చదివింది. ఆయన కళ్లతోనే వద్దని బతిమాలాడు. ఆమె చూసింది, చూసి కూడా పైకే చెప్పింది: "ఇది ట్రాంక్విలైజర్. మనసు స్థిమితం లేనివాళ్లకి ఇస్తారు." గది గొల్లుమంది. దర్జీ కూడా నవ్వినట్టు మొహం పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయనకి కొలతలిచ్చేటప్పుడు జనం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. డాక్టరమ్మకు ఆ రాత్రి చాలా హాయిగా నిద్రపట్టింది. ఒక్క పేరు చదివితే ఒక మనిషి ఇంత చిన్నవాడైపోతాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆ దర్బారుకు రానిది పిన్ని ఒక్కతే. అమ్మకు చెల్లెలు, ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. బావగారింట్లో ఉంటున్నానన్న బెరుకు ఆమె నడకలోనే ఉండేది, తలుపు వేస్తే చప్పుడయ్యేది కాదు. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా వేలి గీతల్లో తెల్లటి గాజుపొడి ఉండేది. డాక్టరమ్మ, పిన్ని ఒకే గదిలో పడుకునేవారు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది పిన్ని, స్కూలు మొదటిరోజు గేటు దగ్గర ఏడిస్తే పనికి సెలవు పెట్టి గంటలు గంటలు నిలబడింది పిన్ని. ఇవన్నీ డాక్టరమ్మకు గుర్తున్నాయి. గుర్తుండటం వేరు, లెక్కచేయడం వేరు.

నాలుగు నెలలుగా పిన్ని తెల్లవారకముందే లేచి దుప్పటి ఉతుకుతోంది. ఒకరోజు డాక్టరమ్మ లేచి చూస్తే బకెట్లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పిన్ని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎవరికీ చెప్పకే అమ్మడూ. గర్భసంచిలో గడ్డట. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇప్పుడు చేయించుకుంటే మీ అమ్మ హాస్పిటల్ చుట్టూ తిరగాలి, నీ చదువు పాడవుతుంది. నీ పరీక్షలయ్యాక చేయించుకుంటా. అందాకా రక్తం ఆగడానికి మాత్రలిచ్చారు" అంది. ఎవరికీ చెప్పనని డాక్టరమ్మ చేత తన తలమీద చెయ్యి వేయించుకుంది. అదీ విషయం. తర్వాత జరిగినదానికి తెలియక చేసిందన్న సాకు ఎవరూ వెతకనక్కర్లేదు.

ప్రీఫైనల్ పేపర్లు ఇచ్చారు. కెమిస్ట్రీలో డెబ్బైకి పంతొమ్మిది. ఆ పంతొమ్మిదీ ఆ ఒక్క పాఠం పెట్టిన భిక్ష. తండ్రి సంతకం కావాలంటే డాక్టరమ్మ తనే పెట్టుకుంది, నాన్న వేసే వంకరతో సహా. స్కూల్లో పట్టుకోలేదు. పట్టుకున్నది పిన్ని. పరుపు దులుపుతుంటే పేపరు కింద పడింది.

"ఆదివారం దాకా టైమిస్తున్నా" అంది పిన్ని, గొంతు పెంచకుండా. "నువ్వే మీ నాన్నకి చెప్పు. తిడతాడు, పడు. ఇంకా మూడు వారాలుంది, నేను షాపు నుంచి తొందరగా వచ్చి నీతో కూర్చుంటా, ఒక్కో పాఠం చదువుదాం. చెప్పకపోతే నేనే చెప్తా."

"నీకెందుకు? నువ్వు మా ఇంట్లో ఉంటున్నావు, అంతే కదా."

పిన్ని "ఆదివారం" అని మాత్రం అని పేపరు మడిచి ఆమెకే ఇచ్చేసింది.

తన దగ్గర ఉంచుకోలేదు. అదే పిన్ని చేసిన తప్పు. డాక్టరమ్మ ఆ పేపర్ని ముక్కలు ముక్కలు చేసి స్కూలు దారిలో మురిక్కాలవలో కలిపేసింది. ఇక మిగిలింది పిన్ని మాట ఒక్కటే. ఆ మాటకు విలువ లేకుండా చేస్తే చాలు. డాక్టరమ్మ రెండు రోజులు ఆలోచించింది, పదిహేను పాఠాల మీద ఎన్నడూ పెట్టనంత శ్రద్ధ పెట్టి మరీ ఆలోచించింది.

శనివారం సాయంత్రం దర్బారు మామూలుగానే మొదలైంది. ఆ వేళకి బయటివాళ్లెవరూ రాలేదు. తాతయ్య కంటి చుక్కల సీసా అయింది, నాన్న దగ్గు మందు అయింది. పిన్ని వంటగదిలో గిన్నెలు తోముతోంది. అప్పుడు డాక్టరమ్మ పుస్తకం కిందనుంచి ఇంకో షీటు తీసింది. పిన్ని హ్యాండ్‌బ్యాగులో లోపలి జిప్పులో ఉండేది అది.

"ఇది మా గదిలో దొరికింది నాన్నా. నాకైతే కొంచెం డౌటుగా ఉంది" అని వెనకవైపు చదివింది. "నోరెథిన్‌డ్రోన్." పుస్తకం తెరిచి అదే పేరు మీద వేలు పెట్టి నాన్న వైపు తిప్పింది. పైన లావు అక్షరాల్లో ఉంది, సంతాన నిరోధక ఔషధాలు అని.

నాన్న రెండుసార్లు చదివాడు. తాతయ్య లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఎవరిదిది?" అన్నాడు నాన్న.

డాక్టరమ్మ వంటగది వైపు చూసింది. ఆ ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురు. ఒకరు తను, ఒకరు అమ్మ. లెక్కలు రాని పిల్లే అయినా ఇది మాత్రం ఆమె సరిగ్గా కట్టింది.

పిన్ని తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీద షీటు కనబడింది. కుర్చీ పట్టుకుంది. "అది ఒంట్లో బాగాలేక డాక్టరిచ్చింది బావగారూ."

"ఏం బాగాలేక?"

బావగారి ముందు ఆ మాట ఎలా చెప్పాలో పిన్నికి తెలియలేదు. అక్క వైపు తిరిగి మెల్లిగా చెప్పింది. అమ్మ నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. "అంత జబ్బుంటే తోడబుట్టినదాన్ని, నాకెందుకు చెప్పలేదే?"

"దీని పరీక్షలని చెప్పలేదక్కా. దీనికి తెలుసు. అడుగు. నా పక్కనే పడుకుంటుంది, అన్నీ చూసింది."

అందరూ డాక్టరమ్మ వైపు తిరిగారు. నాన్న పెద్ద డాక్టరును అడిగినంత మర్యాదగా అడిగాడు. "ఈ మందుకు ఇంకో ఉపయోగం ఏమైనా ఉందామ్మా?"

"పుస్తకంలో ఒక్కటే ఉంది నాన్నా."

"పిన్నికి ఒంట్లో బాగాలేదని నీకేమైనా తెలుసా?"

డాక్టరమ్మ పిన్ని కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో కోపం లేదు, ఇంకా నమ్మకమే ఉంది. ఆ నమ్మకం చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. "నాకేం తెలియదు. నాకెవరూ ఏమీ చెప్పలేదు" అంది.

పిన్నికి అప్పుడు అర్థమైంది. "ఇది ఎందుకిలా అంటోందో నేను చెప్తా వినండి. దీనికి కెమిస్ట్రీలో పంతొమ్మిది వచ్చాయి. పేపరు మీద మీ సంతకం ఇదే పెట్టుకుంది. ఈ పాఠం తప్ప దానికి ముక్క రాదు" అంది.

నాన్న నవ్వాడు. "పంతొమ్మిది వచ్చిన పిల్ల ఇన్ని మందుల పేర్లు గడగడా చెప్తుందా? వీధి వీధంతా వచ్చి చెప్పించుకుపోతోందే! నీ బండారం బయటపడేసరికి చిన్నపిల్ల మీద పడ్డావా?"

"పేపరు చూపించమనండి."

"పేపర్లు ఇంకా ఇవ్వలేదు నాన్నా" అంది డాక్టరమ్మ.

నాన్న షీటు తీసుకుని గుమ్మం దాటి వెళ్లి మురిక్కాలవలో పారేసి వచ్చాడు. తెల్లారేసరికి ఈ మనిషి ఇంట్లో కనబడకూడదని అమ్మతో చెప్పాడు, పిన్నితో కూడా కాదు. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇల్లు, మొగుడి మాట, చెల్లెలి కన్నీళ్లు, వీటిలో ఏది నిజమో తేల్చుకునే తీరిక ఆ ఇంట్లో అమ్మకు ఏనాడూ దొరకలేదు. ఉదయం పిన్ని ఒక సంచీతో బయటికి నడిచింది. షాపు మేడ మీద పాత ఫ్రేములు పడేసే గది ఉంటే యజమాని అందులో ఉండమన్నాడట. ఆ రోజు ఆదివారం.

బుధవారం మధ్యాహ్నం పిన్ని వచ్చింది. అమ్మ తలుపు సగమే తీసింది. పిన్ని లోపలికి రావాలని చూడలేదు, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. మూడు రోజుల్లో మనిషి సున్నం కొట్టినట్టయింది.

"అక్కా, మా గది అలమరలో పరిచిన న్యూస్‌పేపరు కింద నా హాస్పిటల్ కార్డుంది. స్కాన్ రిపోర్టు కూడా దాంట్లోనే పెట్టా. హడావిడిలో మరిచిపోయా. మాత్రలు ఒక్కసారిగా ఆగేసరికి మళ్లీ మొదలైంది, ముందుకంటే ఎక్కువగా. నన్ను చూసే లేడీ డాక్టరు సెలవులో ఉంది. కార్డు లేకపోతే కొత్తవాళ్లు మందు రాయట్లేదు, మొదటినుంచి అన్ని పరీక్షలూ చెయ్యాలంటున్నారు."

"చూడవే" అంది అమ్మ లోపలికి తిరిగి.

డాక్టరమ్మ అలమర దగ్గరికి వెళ్లింది. పేపరు ఎత్తగానే కార్డు కనిపించింది. నీలం అట్ట, మధ్యలో మడత. తెరిచింది. జబ్బు పేరుంది, విపరీతమైన రక్తస్రావం అని ఉంది, కింద మందు పేరుంది. పుస్తకంలో ఉన్న పేరే. ఈ కార్డు అమ్మ చేతిలో పడితే అమ్మ చదువుతుంది. అమ్మ చదివితే నాన్న చదువుతాడు. ఆ తర్వాత పంతొమ్మిది మార్కుల సంగతి అడగడానికి నాన్న స్కూలుకు వెళ్తాడు. ఇదంతా ఆలోచించడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కార్డును కెమిస్ట్రీ పుస్తకంలో మూడో పాఠం మధ్య పెట్టింది. ఆ పేజీలు ఆ ఇంట్లో తెరిచేవాళ్లు లేరు, తనతో సహా.

గుమ్మం దగ్గరికొచ్చి, "లేదమ్మా" అంది.

"బాగా చూశావా అమ్మడూ?" అంది పిన్ని. గొంతులో నింద లేదు, బతిమాలడం ఉంది. "నీలం అట్ట. నీకు తెలుసు కదా, ఒకసారి నువ్వే పట్టుకొచ్చి ఇచ్చావు నాకు."

"చూశా. లేదు."

పిన్ని మెట్లు దిగింది. రెండో మెట్టు మీద ఒకసారి కూర్చుని, మళ్లీ లేచి వెళ్లింది. అమ్మ తలుపు మూసి, గడియ పెట్టకుండా చాలాసేపు దాని దగ్గరే నిలబడింది.

తర్వాత రెండు వారాలూ ఇంట్లో పరీక్షల వాతావరణం. నాన్న డిపోకు సెలవు పెట్టి హాల్‌టికెట్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగించాడు. దర్బారు మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ మిగతా పాఠాలు తెరిచిందా అంటే, తెరిచింది. కళ్లు అక్షరాల మీద పడేవి, అక్షరాలు లోపలికి వెళ్లేవి కావు. అన్నం సయించేది కాదు. కూతురు చదువు బెంగతో చిక్కిపోతోందని నాన్న మురిసిపోయేవాడు.

కెమిస్ట్రీ పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాన్న పరీక్ష కేంద్రం ఎక్కడో చూసిరావడానికి వెళ్లాడు. అమ్మ ఎత్తింది. అవతల కళ్లద్దాల షాపు యజమాని, గట్టిగా మాట్లాడే మనిషి, గదిలో ఉన్న డాక్టరమ్మకు కూడా వినబడుతోంది.

"అమ్మా, మీ చెల్లెలు గ్రైండింగు చక్రం దగ్గరే పడిపోయింది. పెద్దాసుపత్రిలో చేర్పించాం. రక్తం చాలా పోయిందంటున్నారు. స్పృహలో లేదు. ఇదివరకు ఏం జబ్బు, ఏం మందులు వాడింది, స్కాన్ ఏమైనా తీశారా అని డాక్టర్లు అడుగుతున్నారు. అవి తెలిస్తే ఇప్పుడే ఆపరేషన్‌కి తీసుకుంటారట, లేకపోతే ముందు పరీక్షలన్నీ చెయ్యాలట. మీ ఇంట్లో కాగితాలేమైనా ఉన్నాయేమో చూడండమ్మా, మా కుర్రాణ్ణి పంపిస్తా."

అమ్మ ఫోన్ మీద అరచెయ్యి పెట్టి కూతురి వైపు చూసింది. "ఆ కార్డు నిజంగా లేదా?"

డాక్టరమ్మ చూపు కెమిస్ట్రీ పుస్తకం మీదికి పోయింది. కన్నతల్లికి ఆ చూపు చాలు. "తియ్యి" అంది.

మూడో పాఠం మధ్యలోంచి కార్డు బయటికొచ్చింది. అమ్మ నిలబడే చదివింది. ఆమె పెద్దగా చదువుకోలేదు, అయినా అందులో తెలియని మాట ఒక్కటీ లేదు.

"ఆ రోజు నాన్న అడిగినప్పుడు నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

"పంతొమ్మిది?"

"నిజమే" అంది డాక్టరమ్మ, తల దించుకుని.

అమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి కూతురి చెంప దాకా వెళ్లలేదు. బల్లమీద కొత్త ప్లాస్టిక్ కవరులో హాల్‌టికెట్ ఉంది, దాని పక్కన నాన్న చెక్కి పెట్టిన రెండు పెన్సిళ్లున్నాయి. ఈ కార్డు బయటికి వెళ్తే ఎవరు తెచ్చారు, ఇన్నాళ్లూ ఎక్కడుంది అని అడుగుతారు. ఆయనకు తెలుస్తుంది. తెలిస్తే రేపు ఈ పిల్ల పరీక్ష రాయదు, బహుశా ఇంకెప్పుడూ రాయదు. ఆ మనిషి తల ఎత్తుకుని డిపోకు వెళ్లలేడు. చెల్లెలు కావాలా, కూతురు కావాలా అని అమ్మను ఎవరూ అడగలేదు. ఫోన్ లోపలినుంచి "హలో, హలో, అమ్మా వినబడుతోందా?" అని మాత్రం అడుగుతున్నారు.

అమ్మ అరచెయ్యి తీసింది.

"వెతికామండీ" అంది. "మా ఇంట్లో ఏ కాగితాలూ లేవు."

"ఒక్కసారి సరిగ్గా చూడండమ్మా, ప్రాణం మీదికొచ్చింది."

"లేవండీ. రేపు పిల్లకి పరీక్ష. అయ్యాక మేమే వస్తాం" అని ఫోన్ పెట్టేసింది.

వంటగదిలోకి వెళ్లి, స్టవ్ వెలిగించి, కార్డును మంటమీద పట్టుకుంది. స్కాన్ రిపోర్టు కాలుతుంటే కమురు వాసన వచ్చింది. కిటికీ తెరిచి, చేతులు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని గదిలోకొచ్చి కూతురికి ఎదురుగా కూర్చుంది. పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"సబ్బుల దాకా."

"చెప్పు."

డాక్టరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కఠినజలంలో సబ్బు ఎందుకు పనిచేయదో, డిటర్జెంటు ఎందుకు పనిచేస్తుందో, మురికి బట్టను ఎలా వదిలిపోతుందో, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. రెండు వారాలుగా అన్నం సయించనివ్వని భయం ఎటు పోయిందో పోయింది. ఇక ఆ కార్డు లేదు, చూసినవాళ్లు చెప్పరు.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది.

అమ్మ లేచి కంచం పెట్టింది.